లేబుల్ తడవలేదు

వెర్నెల్ కారు మా డ్రైవ్‌వేలోకి రావడానికి నలభై నిమిషాల ముందు కవర్లోంచి రికార్డు తీసి చూస్తే, దాని మీద పాట లేదు.

పగల్లేదు. బీట వెయ్యలేదు. పది అంగుళాల నల్ల పళ్ళెం ఉన్నది ఉన్నట్టే ఉంది. మధ్యలో తెల్ల లేబుల్, దాని మీద పెన్సిల్‌తో ఒక నంబరు, 1936 అన్న ఏడాది, ‘కోరా, గిటార్’ అన్న రెండు మాటలు. లేబుల్ చుట్టూ దుక్కి చాళ్ళలా సన్నగా, దగ్గరదగ్గరగా ఉండాల్సిన గీతలు మాత్రం లేవు. అలికిన అరుగులా మసక మసగ్గా ఉంది. పాటంతా ఆ చాళ్ళలోనే ఉంటుంది. వెనకవైపు మొదట్నుంచీ ఖాళీయే.

“భాస్కర్, ఒకసారి పైకి రా,” అన్నాను బేస్‌మెంట్ మెట్ల మీంచి.

భాస్కర్ నా భర్త. వారానికి ఐదు రోజులు ఎడిసన్‌లో ట్రైనెక్కి న్యూయార్క్ వెళ్ళి ఒక బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాసేవాడు. మిగిలిన బతుకంతా పిస్కాటవేలోని మా ఇంటి బేస్‌మెంట్‌లో, నాలుగు వేల పాత రికార్డుల మధ్య. బ్లూస్, రాగ్‌టైమ్, నల్లవాళ్ళ చర్చి పాటలు, కొండల్లో తెల్లవాళ్ళు వాయించిన ఫిడేలు పాటలు. పెళ్ళిరోజు గుర్తుండదు గానీ 1928లో మెంఫిస్‌లో ఏ హోటల్ గదిలో ఎవరు పాడారో చెప్పేవాడు.

పైకొచ్చాడు. రికార్డుని అంచులతో పట్టుకున్నాడు. రెండు క్షణాలు చూశాడు.

“స్పిరిట్,” అన్నాడు. “అమ్మ తుడిచేసింది.”

“అత్తయ్య బేస్‌మెంట్‌లోకి దిగరు కదా.”

“ఇది మూడు రోజులుగా పైనే ఉంది, డైనింగ్ టేబుల్ మీద. శనివారం రెడీగా ఉంటుందని నేనే తెచ్చి పెట్టా. కోవిడ్ నుంచీ అమ్మ తుడవని వస్తువు ఈ ఇంట్లో ఏముంది చెప్పు. రిమోట్ తుడుస్తుంది, అరటిపళ్ళు తుడుస్తుంది. ఇవి లక్కతో చేసినవి విజయా. స్పిరిట్ తగిలితే అంతే.”

“ఆవిణ్ణే అడుగుదాం.”

“అడుగు. గుర్తుంటే చెబుతుంది. పోయినవారం బేస్‌మెంట్‌లో పసిపిల్ల ఏడుస్తోందని నాలుగుసార్లు అంది. మర్చిపోయావా?”

మర్చిపోలేదు. ఆ రోజు నేనూ మా అమ్మాయి అనికా నవ్వాం. భాస్కర్ నవ్వలేదు. అమ్మని డాక్టర్‌కి చూపించాలన్నాడు.

వంటింట్లోంచి మా అత్తగారు శేషమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి, గొంతు మాత్రం నలభై దగ్గరే ఆగిపోయింది.

“నేను ముట్టుకోలేదు. ముట్టుకుంటే ముట్టుకున్నానని చెప్పే నోరు నాది. స్పిరిట్ పాలిష్ అంటే నాకు తెలీదనుకున్నావురా? మా నాన్న దగ్గర పనిచేసే వడ్రంగులు లక్కని అందులోనే కరిగించేవారు.”

“అమ్మా, నీకు గుర్తుండట్లేదు.”

“నీ టెన్త్ క్లాసు లెక్కల మార్కులు గుర్తున్నాయి. చెప్పనా?”

“చెప్పు నానమ్మా,” అంది అనిక సోఫాలోంచి. “ఐ వాంట్ టు నో.”

బయట కారు తలుపు చప్పుడైంది.

వెర్నెల్ మిమ్స్‌కి ఎనభై తొమ్మిదేళ్ళు. నేను మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ కెమిస్టుని. అదే ప్లాంట్‌లో ముప్పై ఏళ్ళు ప్యాకింగ్ చేసి రిటైరైంది ఆవిడ. ఏటా జరిగే పిక్నిక్‌లో పరిచయం. నా పేరు పూర్తిగా పలకడం ఇష్టం లేక విజ్జీ చేసేసింది. ఆవిడ తల్లి కోరా ప్రయర్ బతుకులో ఒక్కసారి, ఒకే ఒక్క పాట రికార్డు చేసింది. కంపెనీ దాన్ని అమ్మకానికి తేలేదు. మచ్చుకి తీసిన ఆ ఒక్క కాపీ మెంఫిస్‌లో పెద్దన్న బీరువాలో ఉండిపోయింది. పోయిన చలికాలం ఆయన పోయాక వెర్నెల్ చేతికొచ్చింది. తల్లి గొంతు పాటలో ఎలా ఉంటుందో ఆవిడ ఎన్నడూ వినలేదు. ఏప్రిల్ మొదట్లో ఆ రికార్డుని టర్కీ టవల్‌లో చుట్టి నా ఒళ్ళో పెట్టింది. మా ఆయన శుభ్రం చేసి వినిపిస్తాడని నేను మాటిచ్చాను. భాస్కర్ కూడా పెద్దమనిషిలా అన్నాడు, “మొదట వినేది మీరే. అప్పటిదాకా సూది పెట్టను.”

చర్చికి పెట్టుకునే ఊదారంగు టోపీ పెట్టుకొచ్చింది ఆ రోజు. కూర్చోబెట్టి, చెప్పాను. రికార్డు ఆవిడ చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది.

“అమ్మ రికార్డు నా వల్లే చెడిందని అన్నలు అనేవాళ్ళు,” అంది. “ముగ్గురు అన్నలు, ఎనభై ఏళ్ళు. పోయేముందు ఫోన్‌లో కూడా పెద్దవాడు అదే అన్నాడు. అవునో కాదో నా చెవులతో విందామనుకున్నా.”

“సారీ మేడమ్,” అన్నాడు భాస్కర్. “మా అమ్మకి వయసైపోయింది. ఏం చేస్తోందో తెలీదు.”

వెర్నెల్ మా అత్తగారి వైపు చూసింది. ఇంగ్లీషు అర్థంకాక ఆవిడ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది.

“మీ అమ్మగారి వయసెంత?”

“డెబ్భై ఎనిమిది.”

“నేను పదకొండేళ్ళు పెద్దదాన్ని మిస్టర్. నేనెవరి రికార్డూ కడగలేదు.”

టీ ముట్టలేదు. లేచి, రికార్డు నాకే ఇచ్చేసింది.

“పాట లేని పళ్ళెం నేనేం చేసుకోను? విజ్జీ, నేను దీన్ని నీ చేతికిచ్చాను. ఆయన చేతికి కాదు. అది గుర్తుపెట్టుకో.”

మే నెలంతా మా ఇంట్లో నలుగురం నాలుగు చోట్ల భోంచేశాం.

భాస్కర్‌కి తీరిక లేదు. పదకొండేళ్ళుగా రాస్తున్న పుస్తకాన్ని ఒక యూనివర్సిటీ ప్రెస్ ఒప్పుకుంది. సెప్టెంబర్‌లో రావాలి. ఆ పుస్తకం రూఫస్ టాలీ అనే నల్లజాతి గిటారిస్టు గురించి. 1939లో రూఫస్ ఒక పాట వాయించాడు. బొటనవేలితో కింది తీగల మీద రైలు నడక. పైతీగల మీద, వేలికి తొడిగిన సీసా మెడ జరుపుతూ ఏడుపులాంటి రాగం. ఆ నడకని తెల్లవాళ్ళ బ్యాండ్లు ఎత్తుకెళ్ళి డాన్స్ హాళ్ళలో వాయించాయి. యాభైల్లో కరెంటు గిటార్లు పట్టుకున్న కుర్రాళ్ళు దాన్నే రాక్ అండ్ రోల్ అన్నారు. రికార్డు కంపెనీలు ఒకే పాటని నల్లవాళ్ళు పాడితే ఒక జాబితాలో, తెల్లవాళ్ళు పాడితే ఇంకో జాబితాలో వేసి అమ్మేవట. “షెల్ఫులు రెండు, తల్లి ఒకతే,” అనేవాడు భాస్కర్, అన్నం కలుపుకుంటూ. ఆ నడకకి మూలం రూఫస్ అని తేల్చడమే పుస్తకం. జూన్ మొదటి వారంలో రికార్డు కలెక్టర్ల సభలో ఆ సంగతి మొదటిసారి చెప్పబోతున్నాడు. సాయంత్రాలు బేస్‌మెంట్‌లో ప్రాక్టీస్ చేస్తుంటే ఆ గొంతు ఏసీ గొట్టాల్లోంచి అన్ని గదుల్లోకీ వచ్చేది.

ఆ పుస్తకం రాలేదు. భాస్కర్ ఇప్పుడు దూరంగా, నేపర్‌విల్ అనే ఊళ్ళో వేరుగా ఉంటున్నాడు. అత్తయ్య నా దగ్గరే ఉంది. కథ వరసగానే చెబుతాను.

మా అత్తాకోడళ్ళకి పడదు. పద్దెనిమిదేళ్ళుగా పడదు. నా సాంబారు ఆవిడకి నీళ్ళు, ఆవిడ మాట నాకు కారం. కానీ ఒక సంగతి ఒప్పుకోవాలి. తప్పుచేసి దాచుకునే మనిషి కాదు. చేసిన తప్పు ఎదుటివాడిదేనని వాదించి గెలిచే మనిషి. అలాంటిది, ఈసారి మొదటి వారం వాదించింది. రెండో వారం నోరు మూసుకుంది. రోజూ కాఫీ దగ్గర భాస్కర్ మెత్తగా అదే మాట: “ఫరవాలేదమ్మా, నువ్వు కావాలని చేశావా ఏంటి.” మూడో వారానికి ఆవిడ తుడవడం మానేసింది. స్పిరిట్‌తో తడిపిన వైప్స్ డబ్బా వంటింటి గట్టు మీద మూత తీసింది తీసినట్టే ఎండిపోయింది.

ఒకరోజు నేను లంచ్ బాక్స్ సర్దుకుంటుంటే వెనకనుంచి అంది. “నేనే చేశానేమో విజయా. వాడు అన్నిసార్లు చెబుతుంటే నా చేతులు కళ్ళకి కడుతున్నాయి, దాన్ని తుడుస్తున్నట్టు.”

ఆ మనిషి అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

అదే వారం అనికని స్కూల్లో దింపుతుంటే అడిగింది, “మామ్, డాడ్ ఎందుకు అరవలేదు?”

“ఎప్పుడు?”

“ఆ రికార్డ్ పోయినప్పుడు. లాస్ట్ ఇయర్ నేను ఏదో చెత్త రికార్డ్ మీద కాఫీ మగ్ పెట్టానని టూ డేస్ అరిచాడు. ఇది వరల్డ్‌లో ఒక్కటే కాపీ కదా. హి డిడ్‌న్ట్ ఈవెన్ యెల్.”

“షాక్‌లో ఉన్నాడేమో.”

“షాక్‌లో ఉన్నవాళ్ళు మూడోసారి పెరుగన్నం వేసుకోరు మామ్.”

మే ఆఖరి సోమవారం, మెమోరియల్ డే సెలవునాడు, ప్లెయిన్‌ఫీల్డ్‌లో వెర్నెల్ ఇంటికి వెళ్ళాను. లోపలికి రమ్మనలేదు. పోర్చ్‌లో కుర్చీ చూపించింది. క్షమాపణ చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

“అది విన్నాను. ఇంకేదైనా ఉంటే చెప్పు.”

ఇంకేమీ లేదు. అందుకే అడిగాను. “మీ అన్నలు ఎందుకలా అనేవాళ్ళు? మీ వల్ల ఎలా చెడింది?”

“నాకు ఏడు నెలలు. ఇంట్లో చూసేవాళ్ళు లేక అమ్మ నన్ను కూడా తీసుకెళ్ళింది. గిటార్ పెట్టెలో పడుకోబెట్టి పాడిందట. పాట మధ్యలో లేచి ఏడ్చానట, నా ఏడుపుకి అమ్మ పాట ఆపేసిందట. ఆ కంపెనీవాడు రెండోసారి పాడనివ్వలేదు. అమ్మ గిటార్ అమ్మేసి ఒకరింట్లో బట్టలు ఉతికింది. అన్నలు ఆకలేసినప్పుడల్లా నా వైపు చూసేవాళ్ళు.”

“మీ ఏడుపు ఆ రికార్డులో ఉందా?”

“ఉండాలి కదా. అందుకే వింటానన్నది. ఏం, ముఖం అలా పెట్టావ్?”

“ఒక్క వారం టైమ్ ఇవ్వండి మిస్ వెర్నెల్.”

“ఎనభై తొమ్మిదేళ్ళదాన్ని టైమ్ అడుగుతున్నావు,” అంది.

ఇంటికి డ్రైవ్ చేస్తున్నంతసేపూ బుర్రలో ఒకటే మాట తిరిగింది. బేస్‌మెంట్‌లో పసిపిల్ల ఏడుస్తోందని అత్తయ్య అంది. అత్తయ్య విన్నదంటే ఆ రికార్డు తిరిగింది. సూది పెట్టనన్నవాడు పెట్టాడు.

మా ల్యాబ్‌లో అనుమానాన్ని కాగితం మీద రాయనివ్వరు. పరీక్ష చేసి రాయాలి. రెండుసార్లు చేసి రాయాలి. పాత సామాన్ల షాపులో గీతలుపడ్డ లక్క రికార్డులు రెండు కొన్నాను. బుధవారం సెలవు పెట్టాను. భాస్కర్ ట్రైనెక్కాక ఒకదాన్ని వంటింటి బల్ల మీద పెట్టి, కొత్త వైప్స్ డబ్బా తెరిచాను.

“అత్తయ్యా, దీన్ని తుడవండి. మీరు రోజూ తుడిచేటట్టే.”

ఆవిడ వెనక్కి జరిగింది. “మళ్ళీ నన్ను పట్టుకోడానికా?”

“పట్టుకోడానికే. మిమ్మల్ని కాదు.”

ఆవిడ ఒక వైప్ లాగింది. కంచం తుడిచినట్టు నడిమధ్యన వేళ్ళు పెట్టి, గుండ్రంగా తిప్పుతూ అంచులదాకా వచ్చింది. ఒకసారి కాదు, మూడుసార్లు. ముందు పాడైంది లేబుల్. కాగితం ఉబ్బి, సిరా చెదిరి, నల్లమరకలు పట్టింది. చాళ్ళ మీద కాస్త తెల్లటి పొర పేరుకుంది, అంతే. వెలుతురుకి పట్టి చూస్తే గీతలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

గరాజ్‌లోంచి స్పిరిట్ టిన్ను తెచ్చాను. గ్రామఫోన్ పెట్టెలకి పాలిష్ వెయ్యడానికి భాస్కర్ కొన్నది. రెండో రికార్డు మీద పోసి, పది నిమిషాలు ఆగి, గుడ్డతో రుద్దాను. చాళ్ళు కరిగి అలికినట్టయ్యాయి. అచ్చు వెర్నెల్ రికార్డులాగే. దీని లేబుల్ కూడా తడిసి ముద్దయింది.

అప్పుడు అల్మరాలోంచి వెర్నెల్ రికార్డు తీసి పక్కన పెట్టాను.

లేబుల్ తడవలేదు. పెన్సిల్ గీత చెదరలేదు. దాని చుట్టూ, మెత్తబడ్డ లక్కలో, వృత్తలేఖినితో గీసినట్టు సన్నటి గుండ్రటి నొక్కు ఒకటి ఉంది.

బేస్‌మెంట్‌లోకి వెళ్ళి సింకు పక్కన కొక్కేనికి వేలాడుతున్న రబ్బరు మూత తెచ్చాను. రికార్డు కడిగేటప్పుడు కాగితం తడవకుండా లేబుల్ మీద బిగించే మూత అది. కలెక్టర్లందరి దగ్గరా ఉంటుంది. అది బిగించకుండా భాస్కర్ ఏ రికార్డు మీదా ఒక్క చుక్క పొయ్యడు, చేతులు వాటంతటవే చేసేస్తాయి. మూతని ఆ నొక్కు మీద పెట్టాను. సరిగ్గా కూర్చుంది.

అత్తయ్య బల్ల మీదికి వంగి చూసింది. నేను విడమరిచి చెప్పలేదు. అవసరం రాలేదు.

“పాటని చంపి కాగితాన్ని ఎందుకు కాపాడాడు?” అంది.

“అలవాటు.”

“మరి ఆ పిల్ల ఏడుపు?”

“నిజంగానే విన్నారు అత్తయ్యా. అది వెర్నెల్.”

ఆవిడ సింకు దగ్గర చేతులు కడుక్కుంది. ఇంకో వైప్ లాగి ఫ్రిజ్ పిడి తుడవడం మొదలుపెట్టింది. తనంతట తాను తుడవడం రెండు వారాల తర్వాత అదే మొదటిసారి.

“వాడికి అన్నం పెట్టకుండా అడక్కు,” అంది నా వైపు తిరక్కుండా. “ఖాళీ కడుపుతో అబద్ధాలాడతాడు. చిన్నప్పట్నుంచీ అంతే.”

శనివారం మధ్యాహ్నం భాస్కర్ భోంచేసేదాకా ఆగాను. తర్వాత రబ్బరు మూత బిగించిన రికార్డుని అతని కంచం పక్కన పెట్టాను. అతను దాన్ని చూశాడు. ఇదేంటని అడగలేదు.

“ఎవరెవరికి చెప్పావ్?”

“అత్తయ్యకి తెలుసు.”

తల్లి వైపు చూశాడు. ఆవిడ పెరుగు గిన్నె మీద మూత పెట్టి లేచి వెళ్ళిపోయింది.

“నీకేం కావాలి విజయా?”

“కారెక్కు.”

“పుస్తకం ప్రింట్‌కి వెళ్తోంది. వచ్చే శనివారం నా టాక్ ఉంది.”

“కారెక్కు భాస్కర్.”

ప్లెయిన్‌ఫీల్డ్ దాకా నేనే డ్రైవ్ చేశాను. ఈసారి వెర్నెల్ లోపలికి రానిచ్చింది. నన్ను కూర్చోమంది. భాస్కర్‌ని అనలేదు. రెండు చేతులూ కర్ర మీద పెట్టుకుని ఎదురుచూసింది. అతను నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను.

“మా అమ్మ మీ రికార్డు ముట్టుకోలేదు,” అన్నాడు. “నేను చేశాను మిస్ వెర్నెల్. తెలిసే చేశాను. ఒక శుక్రవారం ఇంటి నుంచి పని చేస్తున్నాను. సూది సరిపోతుందో లేదో చూద్దామని పెట్టాను. నాలుగు సెకన్లు చాలాయి. నేను పదకొండేళ్ళుగా రూఫస్ టాలీది అని రాస్తున్న నడక అది. అతనికన్నా మూడేళ్ళ ముందు, అతనికన్నా బాగా. మీ అమ్మగారిది. లేబుల్ మీద పాట పేరు లేదు. వింటే తప్ప ఎవరికీ తెలీదు, వినడానికి ఇంకో కాపీ లేదు. పద్నాలుగుసార్లు విన్నాను. మంగళవారం స్పిరిట్ పోశాను. ఆరాక తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను, నింద అమ్మ మీదికి పోతుందని. ఫోన్‌లో కూడా రికార్డ్ చేసుకోలేదు. చేసుకుంటే దాచుకుంటానని తెలుసు.”

“చివర్లో,” అంది వెర్నెల్. “చివర్లో ఏముంది?”

భాస్కర్ గోడకి ఆనుకున్నాడు.

“మీరు ఏడ్చారు. రెండు నిమిషాల నలభై సెకన్ల దగ్గర. ఆవిడ ఆపలేదు. బొటనవేలు ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. పాట అప్పటికే అయిపోవచ్చింది, మీ కోసం ఇంకో చరణం కట్టి పాడింది, మీ పేరు పెట్టి. ‘వెర్నెల్, ఏడవకే, రైలు వస్తే రానీ, నువ్వు లేకుండా నేనెక్కను’ అని. రెండుసార్లు పాడింది. రెండోసారి మీరు ఊరుకున్నారు. అప్పుడు ఆవిడ నవ్వింది, గిటార్ ఇంకా మోగుతుండగానే. కంపెనీవాడు ఎందుకు వద్దన్నాడో నాకు తెలీదు. ఆ పాటలో అన్నిటికన్నా మంచి ముక్క అదే. మీ అన్నలు అన్నది తప్పు. మీరు దాన్ని పాడుచెయ్యలేదు మిస్ వెర్నెల్. నేను చేశాను.”